ఒకే ఇంట్లో ఇద్దరు థామస్‌లు

కరోనా తగ్గిన మరుసటి ఏడు. హన్మకొండ సుబేదారిలో ఒక డేటా ఎంట్రీ ఆఫీసులో నేను క్యూసీ చూసేదాన్ని. అంటే ఇతరులు టైపు చేసినదాంట్లో తప్పులు వెతికే ఉద్యోగం. ఆ పనికి తగ్గ నోరే నాది. ఆ నెల ఇంగ్లండులోని ఒక చిన్న పల్లె పారిష్, అంటే ఒక చర్చి కిందికొచ్చే ఊరు, దాని పాత రిజిస్టర్లు మాకు వచ్చాయి. ఎవరికి ఎప్పుడు బాప్టిజం ఇచ్చారో, ఎవరిని ఎప్పుడు పాతిపెట్టారో స్కాన్ పేజీలు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఆ ఊరి చరిత్ర రాసుకునేవాళ్లకు అవే ఆధారమట.

బాప్టిజాల పుస్తకం మరిపెడ నుంచి వచ్చిన స్వరూప చేసింది. చేరి రెండు నెలలే, ఇంకా ప్రొబేషన్. ఆమె పని శుభ్రంగా ఉంటుందని పైపైన తిరగేసి ఓకే కొట్టాను.

వారానికే బ్యాచ్ మొత్తం తిరిగొచ్చింది. పాతిపెట్టిన పసివాళ్లలో పదకొండు మందికి బాప్టిజం ఎంట్రీలే లేవు. ఒకే ఇంట్లో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే, మొదటిది డూప్లికేట్ అని స్వరూప తీసేసింది. బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం ఆ కాలంలో అక్కడ మామూలేనని క్లయింట్ రాశాడు. నెలాఖరుకు ఆమెను పంపించెయ్యమన్నాడు మా మేనేజర్.

నాకు ఒళ్లు మండింది. "చూసింది చూసినట్టు కొట్టాలె గని, తీసెయ్యమని నీకెవలు చెప్పిన్రే?"

"అదే అమ్మనాయిన, అదే పేరక్కా. థామస్, రెండేండ్లకు మల్ల థామస్. పాదిరి రెండుసార్లు రాసిండనుకున్న."

"మొదటోడు పోయిండు. అందుకే రెండోనికి ఆ పేరు."

"పోయినోని పేరు మల్ల ఎవలన్న పెడ్తరా? మా నాయినకంటె ముందు ముగ్గురు పుట్టి పోయిన్రు. సావు కన్ను పడొద్దని ఆయనకు పెంటయ్య అని పెట్టిన్రు. ఆ ముగ్గురి పేర్లు మా నాయనమ్మ నోటెంట గూడ రానియ్యదు."

నా కోపం సగం దిగింది. నిజానికి ఆ పేజీలు నేనూ చూశాను. ఇద్దరు థామస్‌లు ఉండటం నాకూ పొరపాటులాగే కనిపించింది, అందుకే ఆమె ఒకణ్ణి తీసేసినా ఆపలేదు. ఈ మాట మేనేజర్‌తో చెప్పడానికి మధ్యాహ్నం దాకా ధైర్యం చాలలేదు. సిగ్గుపడుతూనే చెప్పాను. రెండు రోజులివ్వండి సార్ అన్నాను. విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఇద్దరం కూర్చుని ఖననాల పుస్తకంతో ఒక్కొక్క పేరూ సరిచూశాం. మొదటి థామస్ దగ్గర స్వరూప చెయ్యి ఆగింది. ఆదివారం బాప్టిజం, ఆ గురువారమే సమాధి.

"నాలుగు దినాలక్కా, గంతే. గీ పిలగాన్ని నేను కాపీ అనుకున్న," అని కళ్లొత్తుకుంది.

బ్యాచ్ పాసయ్యింది, ఆమె ఉద్యోగం నిలిచింది. కొత్తగా చేరేవాళ్లకు ఇప్పుడు నేను ఒక్కటే చెబుతాను. ఒకే ఇంట్లో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే డిలీట్ జోలికి పోకండి, ముందు ఖననాల పుస్తకం తెరవండి. ఆ రెండు ఎంట్రీల మధ్య ఒక తల్లి ఏడ్చి ఉంటుంది.