ఏటివైపు వరండా

మొన్న మా అమ్మాయి భోజనం చేస్తూ చేస్తూనే ఎడమచేత్తో ఫోను మీద నాలుగు నొక్కులు నొక్కి, జూలూలాండ్‌లోని అభయారణ్యంలో మా అందరికీ గది ఖాయం చేసేసింది. ప్రవేశానికి పాసు కూడా ఆ ఫోనులోకే వచ్చిపడింది. అంతేనా అన్నాను. అంతేనమ్మా అంది. నాకు మాత్రం టోంగాట్ అవ్వ గుర్తొచ్చింది.

ఇక్కడ తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజులవి. నేను విశాఖ నుంచి లెక్కల పంతులమ్మగా వచ్చి, టోంగాట్‌లో అవ్వ వాళ్ల ఇంటి వెనక వాటాలో మా ఆయనతో కాపురం పెట్టాను. అవ్వ పూర్వులు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆ ఇంట్లో పిల్లలందరికీ ఇంగ్లీషే కనుక, తెలుగు మాటకు మొహం వాచిన ఆ పెద్దావిడ సాయంత్రాలన్నీ నా వంటింటి గడప మీద కూర్చుని, కూరలో ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ నన్ను తిడుతూ గడిపేది.

అవ్వ పెనిమిటి ఆ అభయారణ్యం విడిదిలో చాలాకాలం వంటవాడు. సెలవుకు ఇంటికొచ్చినప్పుడల్లా, తెల్లారుతుండగా వరండాలోంచి చూస్తే ఖడ్గమృగాలు ఏట్లోకి దిగి నీళ్లు తాగుతుంటాయని చెప్పేవాడట. అదొక్కసారి చూడాలని ఆవిడ కోరిక. చూడాలంటే రాత్రి అక్కడ ఉండాలి కదా. ఆ కాలంలో మనవాళ్లు పగలు టికెట్టు కొని తిరిగి, పొద్దుగూకేలోగా గేటు దాటి బయటపడవలసిందే, గదుల్లో పడకలు తెల్లవాళ్లకే. తాత పోయాడు, కోరిక అలాగే ఉండిపోయింది.

నాకేమో ఉత్సాహమే తప్ప ఆలోచన తక్కువ. స్కూలు ఫోను పట్టుకుని, లైను దొరికేదాకా విసుక్కోకుండా తిప్పి, ఏటివైపు వరండా ఉన్న గదే కావాలని పట్టుబట్టి, అడ్వాన్సు పోస్టులో పంపి, రసీదు తెప్పించి అవ్వ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని దేవుడి పటం వెనక దాచుకుంది.

అక్కడ మనకు తిండి ఎవరు పెడతారని పులిహోరా పూరీలూ, ఆఖరికి కిరసనాయిల్ స్టవ్వు కూడా కట్టించింది. గేటు దగ్గర మా ముగ్గురికీ పాసు రాసిచ్చారు. పగలంతా జింకల్నీ జీబ్రాల్నీ చూసి ఎంత సంబరపడిందో చెప్పలేను. పొద్దు వాలగానే మాత్రం గిన్నెలు కడిగి, మూట కట్టి, వెళ్లి కారులో కూర్చుంది.

"లెగండే, పొద్దు గూకతంది. గేటు మూసెత్తారు."

గది మనదేనని రసీదు చూపించాను, తాళంచెవి చూపించాను.

"అది మీకిచ్చార్లే. మాకియ్యరు," అంది, నన్నే ఓదారుస్తున్నట్టు.

బతిమాలి, కాస్త కోప్పడి దింపాం. పడక మాత్రం ముట్టలేదు. మూట ఒళ్లో పెట్టుకుని, ఎవరో వచ్చి లేవమంటారని ఎదురుచూస్తూ వరండా కుర్చీలోనే కూర్చుండిపోయింది. నిన్న మొన్న ఈ దేశానికొచ్చిన నేను ఆ తెల్లదుప్పట్లలో ఒళ్లెరగక నిద్రపోయాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తెల్లారుతుండగా లేచి బయటికొస్తే, పొగమంచులోంచి తల్లీ పిల్లా రెండు ఖడ్గమృగాలు ఏట్లోకి దిగుతున్నాయి, అచ్చం తాత చెప్పినట్టే. అవ్వకు అప్పుడే కునుకు పట్టింది. లేపమని మా ఆయన సైగ చేశారు. రాత్రంతా కన్ను మూయని మనిషి, పాపం, కాసేపు పడుకోనీ, అవి మళ్లీ వస్తాయిలే అనుకున్నాను. రాలేదు.

మెలకువ రాగానే, వచ్చేయా అని అడిగింది. వచ్చాయన్నాను. కూరలో ఉప్పురాయి ఎక్కువైనా తిట్టే మనిషి నన్ను పల్లెత్తు మాట అనలేదు.

"అయితే మీ తాత కోతలు కొయ్యలేదన్నమాట," అని మురిసిపోయింది.

తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళదామన్నా మోకాళ్ల నొప్పులంటూ దాటవేసింది, ఆ నొప్పులతోనే కన్నుమూసింది.

ఇప్పుడు మా అమ్మాయి కూడా గేటు మూసే వేళ ఎప్పుడని ఫోనులో చూస్తుంది, ఆలోగా లోపలికి చేరుకోవాలని. బయటపడాలని చూసినవాళ్లు ఉండేవారంటే దానికి వింతగా ఉంటుంది. ఉండనీ, అలా ఉండడమే మంచిది. నాకు మాత్రం అలాంటి చోట తెల్లవారుజామున నిద్రపట్టదు. పక్క కుర్చీలో ఎవరైనా కునుకు తీస్తుంటే, ఏట్లో ఏమీ లేకపోయినా సరే, తట్టి లేపేస్తాను.