నీలమ్మ ఇంటి చేపల హౌజు

నారాయణఖేడ్‌లో నీలమ్మ మోసిన మాలు అంటని వీధి దాదాపు లేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆమె ఇసుక, సిమెంటు కలిపి, ఆ మాలును తట్టకెత్తి నెత్తిన మోసింది. పరంజా కింద నిలబడి పైకి అందించింది. కట్టిన గోడలకు పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టింది. ఆ గోడలు కట్టినవాడు ఆమె మొగుడు హన్మయ్య. మనూర్, కల్హేర్ దాకా పేరున్న తాపీ మేస్త్రీ. ఇళ్లవాళ్లు గృహప్రవేశం నాడు హన్మయ్యకు కొత్త బట్టలు పెట్టేవాళ్లు. నీలమ్మకు జాకెట్ ముక్క పెట్టాలని చాలామందికి తట్టేది కాదు. "తట్ట మోసేటోళ్లకు బట్టలేంది" అని ఆమె నవ్వేసేది గానీ, అది నవ్వి ఊరుకునే సంగతేమీ కాదు.

ఆమె మొగుణ్ని పేరు పెట్టి పిలవదు. పనికాడ "మేస్త్రీ, మాలు!" అని కేకేసేది. ఇంట్లోనూ అదే అలవాటైంది. "మేస్త్రీ, అన్నం తిందువు రా." "మేస్త్రీ, పిల్లకు జరమొచ్చింది." వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఉమారాణి చిన్నప్పుడు నాయిన పేరే మేస్త్రీ అనుకుని బడిలో అలాగే చెప్పింది.

రెండేళ్ల కింద పరంజా కర్ర విరిగి హన్మయ్య కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి మణికట్టు నుగ్గయింది. దవాఖానలో కట్టు కట్టారు, ఎముక అతికింది. పట్టు మాత్రం తిరిగి రాలేదు. నీళ్ల చెంబు ఎత్తితేనే చెయ్యి వణికేది. ఒకరోజు నీలమ్మ అలవాటుగా "మేస్త్రీ, చాయ్" అని గ్లాసు అందించింది.

"నన్నట్ల పిలువకు" అన్నాడు హన్మయ్య. "మంచంల కూసున్నోనికి గా పేరెందుకు?"

ఆ రోజు నుంచి మొగుణ్ని పిలవడానికి ఆమెకు మాటే లేకుండా పోయింది. వేరే మేస్త్రీల దగ్గరికి పనికి పోయి ఇల్లు నడిపింది, తిండికి లోటు రానివ్వలేదు. కానీ ఆ మనిషి పగలంతా వాకిట్లో గోడవైపు తిరిగి పడుకునే ఉండేవాడు. అతన్ని లేపి కూర్చోబెట్టాలి, మళ్లీ ఆ మాటతో పిలవాలి. ఆమె కోరిక అంతే.

దారి చూపింది ఉమారాణి. డిగ్రీ చదువుతున్న ఆ పిల్లకు రంగు చేపలంటే చచ్చేంత ఇష్టం. పరంజా మీంచి పడకముందు హన్మయ్య హైదరాబాద్‌లో ఒక పెద్దింట్లో బండలు వేయడానికి పోయి, అక్కడ గోడంత చేపల తొట్టి చూసొచ్చాడు. "అద్దాల డబ్బా కొనుడు గాదు బిడ్డా. మనింట్ల గోడలనే హౌజు కడత. ముంగట అద్దం, మూడు దిక్కుల గోడ" అని కూతురికి మాటిచ్చాడు. చెయ్యి విరిగాక ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"అమ్మా, మనమే మొదలువెడ్దామే. నాయిన ఎన్నొద్దులు చూసుకుంట ఊకుంటడు?" అంది ఉమారాణి.

పక్కింటి యోసేపు అద్దాల పని చేస్తాడు. ఒక బట్టల దుకాణం మార్చి కట్టినప్పుడు తీసేసిన ఆరడుగుల పొడవున్న మందపాటి అద్దం అతని దగ్గర ఉంది. "తీస్కపో అక్కా, ఊకె దుమ్ము వడుతుంది. గోడ మాత్రం గట్టిగుండాలె, నీళ్ల బరువంటే మామూలు గాదు" అన్నాడు.

ఆదివారం ముందుగదిలో ఇటుకలు కుప్పపోసి తల్లీకూతుళ్లు కట్టడం మొదలుపెట్టారు. వరసకు దారం కట్టలేదు, నిలువు చూడటానికి గుండు వేలాడదీయలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. మూడో వరసకు గోడ మెలికలు తిరిగింది.

"అది గోడనా, పాము వోయిన తొవ్వనా?" అని వాకిట్లోంచి గొంతు లేచింది.

నీలమ్మ వినబడనట్టే మరో ఇటుకను ఇంకాస్త వంకరగా పెట్టింది. మంచం కిర్రుమంది. హన్మయ్య గడప దాటి లోపలికొచ్చాడు.

"ఊడవీకు! మొత్తం ఊడవీకు! నా ఇంట్ల గిసొంటి గోడనా? నలుగురు చూస్తె నవ్విపోతరు!"

తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నవ్వు ఆపుకుంటూ ఊడబీకారు. ఆ తర్వాత అతను చెప్పడం, వాళ్లు పెట్టడం. కింద కంకరతో దిమ్మె పోశారు, గోడల్లో ఇనుప సలాకలు నిలిపారు. అద్దం కూర్చునే గాడి కొలతలు ఉమారాణి చూసుకుంది. హన్మయ్య ఎడమచేత్తో గుండు పట్టుకుని ప్రతి వరసనూ సరిచూశాడు. సాయంత్రమైతే టీవీ ముందు కూర్చునే ఇల్లు ఇప్పుడు ఇటుకల చుట్టూ తిరుగుతోంది.

చిక్కల్లా లోపలి పూత దగ్గర వచ్చింది. హౌజు లోపల పూత ఎక్కడ బోలుగా ఉంటే నీళ్లు అక్కడి నుంచి కారతాయి. ఆ పని తనే చేస్తానని హన్మయ్య పట్టుబట్టాడు. ఎడమచేత్తో విసిరిన మాలు నేలపాలైంది. తాపీ కుడిచేతికి మార్చాడు. చెయ్యి వణికి తాపీ జారి కింద పడింది.

మేస్త్రీ పనిలో ఆడవాళ్లు తాపీ పట్టరు. మాలు కలపొచ్చు, మోయొచ్చు, తాపీ మాత్రం మగవాడిదే. దసరాకు దానికి బొట్టు పెట్టి మొక్కుతారు. ఇన్నేళ్లుగా రోజూ ఆ తాపీని కడిగి, తుడిచి, సంచిలో పెట్టింది నీలమ్మే. దాంతో పిడికెడు మాలు గోడకు పెట్టి ఎరగదు. ఇప్పుడు వంగి తీసింది. మొగుడి చేతికి ఇద్దామనే అనుకుంది. ఏమనిపించిందో ఏమో, మాలు తీసుకుని గోడకు విసిరింది. చప్పుమని అంటుకుంది.

హన్మయ్య ముఖం మాడిపోయింది. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. లేచి కూర్చున్న మనిషిని మళ్లీ చేజేతులా పడగొట్టానా అని నీలమ్మ గడప వైపు చూసింది. చెయ్యి మాత్రం ఆగలేదు. కలిపిన మాలు ఎవరి బాధ కోసమూ ఆగదు, ఎండిపోతుంది. కింద నిలబడి ఇన్నేళ్లు చూసిన పనంతా ఆమె మణికట్టులోకి దానంతటదే వచ్చింది.

తెల్లారి హన్మయ్య వేలి కణుపులతో పూతంతా తట్టి చూశాడు. "గీ మూలకు బోలున్నది" అన్నాడు. ఆమె అక్కడ చెక్కి మళ్లీ పూసింది. మిగతా పూత గురించి అతను ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నీలమ్మకు పండగైంది.

గోడలకు నీళ్లు పట్టించాక యోసేపు వచ్చి అద్దం బిగించాడు. నీళ్లు నింపి, హన్మయ్య బొగ్గుతో గీత గీశాడు. మర్నాటికి నీళ్లు గీత మీదే ఉన్నాయి. ఒక్క చుక్క కారలేదు. అతను ఇంకేం ఆలోచించలేదు, జహీరాబాద్ బస్సెక్కాడు. పడ్డ తర్వాత ఒంటరిగా ఊరు దాటడం అదే మొదలు. మధ్యాహ్నానికి బంగారు చేపల సంచిని గుండెకు హత్తుకుని నవ్వుతూ దిగాడు.

నీలమ్మకు తెలుసు. కొత్త సిమెంటు హౌజులో నీళ్లలోకి సున్నం దిగుతుంది. పశువులకు కుడితి తొట్టి కట్టినా పేడనీళ్లు పట్టించి, నింపి పారబోసి, మళ్లీ నింపి పారబోశాకే వాడతారు. ఆ జాగ్రత్త ఇంటింటికీ చెప్పి వచ్చేవాడు హన్మయ్యే. సంతోషంలో మరిచాడు. ఆమె చెప్పబోయి అతని ముఖం చూసింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. నోరు మూసుకుంది.

సాయంత్రానికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఉమారాణి ఏడ్చింది. ఎదురింటి లక్ష్మవ్వ వచ్చి చూసి, "ఆడిది తాపీ వడితె గిట్లనే అయితది" అంది. హన్మయ్య మంచం వైపు కదిలాడు.

"ఆగు" అంది నీలమ్మ. "తాపీది గాదు తప్పు. నీళ్లల్ల సున్నం దిగింది. నాకు ఎరుకనే. నీ మొకం జూసి చెప్పలే."

"ఎరుకుండి ఊకున్నవా? పానాలు తీసినం గదనే!" అని అతను ఇంటికప్పు లేచిపోయేలా అరిచాడు. తర్వాత హౌజు గోడలను వేళ్లతో తడిమి చూసి, లక్ష్మవ్వ వైపు తిరిగాడు. "అవ్వా, గిటు జూడు. చుక్క కారలే. నేను కట్టిన హౌజులకు గూడ మొదట్ల చెమ్మ కనవడేది. చేపలు నా తొందరకు సచ్చినయి. దాని చేతికి గాదు."

నీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె పనిని అతను మెచ్చుకోవడం అదే మొదటిసారి మరి.

ఆ తర్వాత ముందుగదిలో పేడనీళ్ల వాసనకు చుట్టాలు రావడం మానేశారు. "చేపలకా అక్కా, బర్లకా?" అని యోసేపు రోజూ ఆటపట్టించాడు. నింపడం, పారబోయడం, తోమడం ముగ్గురూ వంతులేసుకున్నారు. నెల దాటాక ఉమారాణి ముందు ఒకే ఒక్క చేపను వదిలింది. అది బతికింది. వారం చూసి మిగతావి వదిలారు. సాయంత్రం పూట ముగ్గురూ చాయ్ గ్లాసులతో ఆ అద్దం ముందే కూర్చునేవాళ్లు. లక్ష్మవ్వ కూడా పీట తెచ్చుకునేది.

కల్హేర్‌లో కొత్తిల్లు కడుతున్న మహిపాల్ ఒకరోజు ఆ తొట్టి చూసి ముచ్చటపడ్డాడు. "నాకూ గిట్లనే కావాలె. గీ పూత ఏ మేస్త్రీది?" అని అడిగాడు. హన్మయ్య గడ్డంతో నీలమ్మ వైపు చూపించాడు.

కల్హేర్‌లో పని మొదలైన రోజు నీలమ్మ గోడ ముందు గొంతుక్కూర్చుని తాపీ తుడుచుకుంటోంది. వెనక అడుగుల చప్పుడైంది. హన్మయ్య నెత్తిన తట్ట, దాన్ని పట్టుకున్న ఎడమచెయ్యి.

"మేస్త్రీ, మాలు!" అని కేకేసి ఆమె పక్కన కుమ్మరించాడు.

నీలమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. వెనక్కి చూడకుండానే ఆమె తాపీతో మాలును కదిపి చూసింది.

"నీళ్లెక్కువైనయి మేస్త్రీ" అంది. "ఇంకోపారి జర గట్టిగ కలుపు."

"సరే" అని హన్మయ్య ఖాళీ తట్ట తీసుకుని వెళ్లాడు.