మెయిన్ దించే బొంగరం

ఆఫీసులో అందరూ ఆయన్ని బొంగరం అనేవాళ్లు, అదీ మొహం మీదే. ఇళ్ల ప్లాన్లు గీసే ఆ ఆఫీసుకు ఆయనే యజమాని. అయినా కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. ఫోన్ మాట్లాడుతూ కిటికీ దాకా, అక్కణ్ణుంచి ప్రింటర్ దాకా, కాగితం ఇరుక్కుందేమోనని మూత తీసి చూసి, మళ్లీ గుమ్మం దాకా.

తమ్ముడు పోయాక ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. తమ్ముడు గీసిన ప్లాన్లన్నీ మూలనున్న పాత కంప్యూటర్లోనే ఉన్నాయి. అదేమో దగ్గు పట్టినట్టు గరగరమంటోంది. నకళ్లు ఇంకెక్కడా లేవు. అది మూలపడితే తమ్ముడి చేతిపనంతా పోయినట్టే.

తమ్ముడి భార్య కూడా అక్కడే ప్లాన్లు గీస్తుంది. చివరికి ఆ మరదలే పూనుకుని కంప్యూటర్ కన్సల్టెంటును పిలిపించింది.

"ప్లాన్లన్నీ ఒకేచోట భద్రంగా ఉండేలా లినక్స్ సర్వర్ పెడదాం సార్," అంది వచ్చినమ్మాయి, భుజాన సంచి దించకుండానే.

"అది చెడిపోతే ఎవర్ని తిట్టాలి?"

"ముందు నన్ను తిట్టేయండి. తర్వాత ఫోన్ చేయండి."

మరదలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది. బొంగరం ఇంకేం అడక్కుండా సరేనన్నాడు.

అమ్మాయి ప్లాన్లన్నీ కొత్త సర్వర్లోకి ఎక్కించింది. ఆఫీసు మూసేశాక రోజూ వాటి నకలు ఇంకో డిస్కులోకి దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేసింది. "దీనికి కరెంటు మాత్రం ఆపకండి," అని మరీ మరీ చెప్పి వెళ్లింది.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి మళ్లీ చూడ్డానికొచ్చేసరికి డిస్కు ఖాళీ.

"ఒక్క నకలూ పడలేదు సార్. ఎవరో రోజూ సాయంత్రం మెయిన్ స్విచ్ దించేస్తున్నారు."

మరదలు గిరుక్కున తిరిగింది. "బావగారూ! చిలక్కి చెప్పినట్టు చెప్పింది కదండీ!"

"మెట్లు దిగిపోతానమ్మా. కాళ్లు వెనక్కి లాక్కొస్తాయి." బొంగరం కిటికీ రెక్క తెరిచాడు, మూశాడు. "నాన్న కొట్టు వైరు కాలే కదా తగలబడింది. ఆ పొగలో తమ్ముణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తినవాణ్ణి. కరెంటు వదిలేసి ఎలా వెళ్లను?"

"మరి ఆయన గీసినవి పోతేనో?" అంది మరదలు.

బొంగరం ప్రింటర్ దాకా వెళ్లి వెనక్కొచ్చాడు.

"పగలే చేద్దాం సార్, మీ కళ్లముందే," అంది అమ్మాయి. "కాకపోతే అయ్యేదాకా ఎవరూ దాని తీగ తన్నకూడదు."

బొంగరం కుర్చీ లాక్కుని సర్వర్‌కు కాపలా కూర్చున్నాడు. మోకాళ్లు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. తెర మీద ప్లాన్ల పేర్లు ఒక్కొక్కటే జారుతున్నాయి. అన్నీ తమ్ముడు పెట్టినవే. 'మెట్లు మార్చమన్న పెద్దాయన.' 'ఇదే ఆఖరు.' 'ఇదే ఆఖరు, ఒట్టు.' 'అన్నయ్య చూడకముందు.' 'అన్నయ్య చూశాక.'

"చూశాక ఏం మార్చాడో!" బొంగరం లేవబోయాడు.

"కూర్చోండి సార్, అయిపోవచ్చింది."

కూర్చున్నాడు. మరదలు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "మీరు వద్దన్న కిటికీ తీసేసుంటారు, ఇంకేముంది!"

చివరి ప్లాను పడ్డాక అమ్మాయి డిస్కు ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది మాత్రం ఆఫీసులో ఉంచకండి. రోజూ ఇంటికి తీసుకెళ్లి, పొద్దున్నే తెచ్చి తగిలించండి."

బొంగరం దాన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చాడు. జేబులో వేసుకున్నాడు, మళ్లీ తీశాడు. మరదలి ముందు పెట్టాడు.

"నా దగ్గర నిలవదమ్మా. నువ్వే తీసుకెళ్లు."