మూడో ప్రకటన

రెజీనాను భయపెట్టడానికి పులి అక్కర్లేదు, పిల్లి చాలు. కుక్కర్ కూతకు ఉలిక్కిపడుతుంది. పనిచేసే చోట సూపర్‌వైజరు గొంతు సవరించుకుంటే తనేదో తప్పు కుట్టిందనుకుని వేసిన కుట్టు విప్పేస్తుంది. కల్లూరులో మా ఇంటి వెనక గదిలో ఐదేళ్ళుగా అద్దెకుంటూ, స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్లో పనిచేస్తోంది. తల్లి చిన్నప్పుడే పోతే కోయిలకుంట్ల దగ్గర పల్లెలో తల్లి తరపు అవ్వ రత్నమణి పెంచింది. ముప్పై దాటినా ఆ పిల్లకు లోకమంటే వణుకే. అంత పిరికిది ప్రేమ మాత్రం ఎట్లా చేసిందో నాకిప్పటికీ అంతు పట్టదు.

మనిషిని మాత్రం మంచివాణ్ణే ఎంచుకుంది. శామ్‌ది కడప పక్క పల్లె, ఉద్యోగం తిరుప్పూరులో. కుట్టుమిషన్ల కంపెనీలో మెకానిక్కు. రెండేళ్ళ కిందట వీళ్ళ యూనిట్లో కొత్త మిషన్లు బిగించడానికి వచ్చి పది రోజులున్నాడు. అప్పట్నుంచి ఫోన్లే. నెలలకొకసారి సెలవు దొరికితే రైలెక్కి వస్తాడు, రెండు రోజులుండి పోతాడు. ఆ రెండు రోజులూ వాళ్ళు ఊళ్ళో తిరగాలంటే నేను వెంట ఉండాలి. వాళ్ళ మీద నమ్మకం లేక కాదు, మా వీధి నోటి మీద నమ్మకం లేక.

ఈసారి మే నెలలో శామ్ వచ్చింది పెండ్లి పని మీద. వాళ్ళ గుళ్ళో, అంటే చర్చిలో, ఒక పద్ధతుంది. పెండ్లికి ముందు మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు ఆరాధనలో లేచి, ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెండ్లని చదువుతారు. అడ్డం ఏదైనా తెలిసినవాళ్ళుంటే అక్కడే లేచి చెప్పాలి. మేమైతే ఇట్లాంటివి చాటుగా గొణుక్కుని, చివరికి పందిట్లో కొట్టుకుంటాం. మొదటి రెండు ప్రకటనలూ ఏ గొడవా లేకుండా జరిగిపోయాయి. అయినా రెజీనా ఆ రెండు ఆదివారాలూ గుడి నుంచి చెమటతో తడిసి వచ్చింది. "ఎవరు లేస్తారే నీ మొహానికి" అని నేను నవ్వాను. మూడోదానికి తోడుగా నన్ను రమ్మంది. శామ్ కూడా వస్తానన్నాడు. పల్లె నుంచి అవ్వ కూడా శనివారం సాయంత్రానికి వస్తానంది. శామ్‌నూ అవ్వనూ ఎదురెదురుగా చూపించడం అదే మొదటిసారి.

శనివారం పొద్దున వాడు రైలు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. చీర, ఉంగరాలు, కోటు కొలతలు, బూట్లు, అన్నీ ఆ ఒక్క రోజులో తెమలాలి. ఎండ అప్పటికే నిప్పులు చెరుగుతోంది. షేరాటోలో పాతబస్టాండు దగ్గర దిగి కొట్ల మీద పడ్డాం. పెండ్లిళ్ళ కాలం కదా, ఏ కొట్లో చూసినా కాలు పెట్టే సందు లేదు. వాళ్ళలో పెండ్లికూతురికి తెల్లచీర. నాకా తెల్లచీర తాకడానికే చేయి రాలేదు, కాస్త ఎర్రంచు ఉండేది చూడమన్నాను. రెజీనా పడీపడీ నవ్వింది.

మధ్యాహ్నానికి నాలుకలు పిడచగట్టుకుపోయి నన్నారి షర్బత్ బండి దగ్గర ఆగాం. శామ్ మాటల్లో మాటగా వాళ్ళవ్వ సంగతి ఎత్తాడు.

"మా అమ్మను కన్నవ్వ కృపమణి మీ కోయిలకుంట్ల పక్కనే పుట్టిందంట. పుట్టింటోళ్ళతో ఏమి గొడవో, సచ్చేదాకా ఆ పక్కకే పోలేదు. వాళ్ళక్కకు ఎడమ చేతికి ఆరు వేళ్ళంట. చిన్నప్పుడు ఆ ఆరో వేలితోనే గిల్లేదంట."

వాడు నవ్వుతున్నాడు. రెజీనా చేతిలో గ్లాసు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. రత్నమణి ఎడమ చేతి చిటికెన వేలి పక్కన ఇంకో చిన్న వేలుంది. ఆమె మా ఇంటికొచ్చినప్పుడల్లా మా చిన్నది దాన్ని పట్టుకుని ఆడుకునేది.

వరుస కట్టడం మాకెవరూ నేర్పక్కర్లేదు. రెజీనా అవ్వ, శామ్ అవ్వ అక్కచెల్లెళ్ళు. వాళ్ళ కూతుళ్ళు, అంటే వీళ్ళిద్దరి తల్లులు, అక్కచెల్లెళ్ళ వరుస. అక్కచెల్లెళ్ళ పిల్లలంటే అన్నాచెల్లెళ్ళు. మేనరికాలంటే మేం ఎగబడి చేసుకుంటాం గానీ, ఇది ఏ కులమైనా ఏ మతమైనా మా పక్క నోటితో అనడానికే జంకే మాట. పెండ్లి అనుకున్నప్పుడు పెద్దలు ఇంటిపేర్లు విచారించారు, తండ్రుల వైపు తాతముత్తాతలను తవ్వి తలకెత్తుకున్నారు. తల్లిని కన్నతల్లి ఎవరని ఒక్కరూ అడగలేదు. ఆడదాని పుట్టిల్లు ఎవరిక్కావాలి.

శామ్ కోటు కొలతలిస్తుండగా రెజీనా నా మోచేయి పట్టుకుని దుకాణం మెట్ల మీదికి లాక్కొచ్చింది. అవ్వ వచ్చాక ఆమెనే అడుగు, ఆరు వేళ్ళవాళ్ళు లోకంలో ఒక్కరే ఉంటారా అన్నాను. నాకే నమ్మకం లేని మాట.

"అడిగితే అవునంటాదక్కా. అప్పుడు నేనేం చేయాల?"

"అడక్కపోతే?"

"అడక్కపోతే ఈ పొద్దంతా నా మనిషే కదా."

పిరికిదని దాన్ని ఎన్నిసార్లు తిట్టానో, ఆ మెట్ల మీద నేనూ పిరికిదాన్నే అయ్యాను. అక్కణ్ణుంచి మా తిరుగుడంతా దొంగల తిరుగుడే. ఉంగరాల కొట్లో శామ్ దాని వేలు పట్టుకుంటే నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది. పక్కన ఎవరో పిల్ల "అన్నా" అని తన అన్నను పిలిస్తే ఇది అదిరిపడింది. శామ్ ఎండదెబ్బ అనుకుని, మజ్జిగ తెచ్చి దగ్గరుండి తాగించాడు. దాని కళ్ళు నిండాయి. కారం ఎక్కువైందని చెప్పింది. మజ్జిగలో కారమేమిటని వాడు అడగలేదు పాపం.

వాళ్ళిద్దరినీ ఎదురుపడనీయకూడదని మేం ఒక ఎత్తు వేశాం. రెజీనా బస్టాండుకు పోయి అవ్వను ఇంటికి తెచ్చి పడుకోబెట్టాలి, అంతవరకూ నేను బూట్ల కొట్లో శామ్‌ను తిప్పాలి. మేమొకటి తలిస్తే వాడొకటి తలిచాడు. పెద్దామె వస్తుంటే నేను బూట్లు చూసుకుంటూ కూచుంటానా అని బస్టాండుకే దారి తీశాడు. కోయిలకుంట్ల బస్సు అప్పుడే వచ్చి నిలబడింది. అవ్వ మెట్ల మీద నుంచి సంచి అందించింది, ఎడమ చేత్తో. సంచి అందుకున్న శామ్ ఆ చేతిని చూశాడు. చూసి, చాలాసేపు సంచి కింద పెట్టలేదు.

"నీకు చెల్లెండ్లు ఉండారా అవ్వా?" అని అడిగాడు.

రత్నమణి వాడి మొహంలోకి చూసింది. కళ్ళు, ముక్కు, గడ్డం ఒక్కొక్కటిగా వెతికింది. "ఉండె. కృపమణి. పోయిందని విన్నా" అంది. అంతే. ఆటో ఎక్కింది.

ఆ పూట మా ఇంట్లో నలుగురం భోజనానికి కూచున్నాం. నలుగురికీ తెలుసు, నలుగురమూ ఉప్పు గురించీ పప్పు గురించీ మాట్లాడుకున్నాం. శామ్ రెండు ముద్దలు తిని లేచి, స్నేహితుడి గదికి పోయాడు. అవ్వ ముద్ద ముట్టకుండానే గోడ వైపు తిరిగి పడుకుంది. రెజీనా నా పక్కన కూచుని తెల్లచీర మడతను విప్పి, మళ్ళీ పెట్టి, మళ్ళీ విప్పింది.

మర్నాడు గుళ్ళో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. రెజీనాకు అటు అవ్వ, ఇటు నేను. దాని చేయి పట్టుకుని కూచున్నాను. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని మూడోసారి ఆ రెండు పేర్లు చదివారు. వీరి పెండ్లికి అడ్డమేదైనా ఎరిగినవారుంటే దేవుని ఎదుట ఇప్పుడే చెప్పమన్నారు.

అవతలి పక్క శామ్ ముందు బెంచీని రెండు చేతులతో పట్టుకున్నాడు. లేవబోతున్నాడు. వాడు అబద్ధమాడలేని మనిషి. అందుకే నాకు వాడంటే ఇష్టం, ఆ నిమిషాన అందుకే పళ్ళు నూరాను. రెజీనా కూడా చూసింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. వాడు దాని వైపు చూడలేదు.

వాడికంటే ముందు రత్నమణి లేచింది.

"నాకు తెల్సు అయ్యగారూ. ఆ పిల్లోని అవ్వ కృపమణి నా సొంత చెల్లెలు."

గుడంతా గుసగుసలు లేచాయి. రెజీనా గోళ్ళు నా మణికట్టులో దిగాయి. అవ్వ చెయ్యెత్తింది.

"నేనింకా అయిపోలే. ఈ పిల్ల తల్లిని నేను కనలేదు."

తర్వాత అసలు సంగతి చెప్పింది. పెండ్లయిన కొత్తలో, కరువు సంవత్సరం, మొగుడూ తనూ చెల్లెలూ దూరం పోయి రోడ్డుకు కంకర కొట్టే పని చేశారట. పక్కన కంకర కొట్టే ఒకామె ఎండకు పడిపోయి మళ్ళీ లేవలేదు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. వేపచెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో పసిపిల్ల మిగిలింది. ఆ పిల్లను ఈమె ఎత్తుకుంది. పని ముగిసి ఊరికొచ్చాక అక్కడే కాన్పయిందని చెప్పుకుంది. మొగుడు ఆ మాట తనతోనే తీసుకుపోయాడు. చెల్లెలు మాత్రం ఆ పిల్ల ఏ కులందో, ఏ పాపందో అని, అది తిరిగే ఇంట్లో అన్నం ముట్టనంది. ఆ పట్టుదలతోనే కడప పక్కకు మనువై పోయి, మళ్ళీ రాలేదు.

గుడి పెద్ద సోమన్న లేచాడు. పెంచినా కూతురు కూతురే కదా, వరుస వరుసే కదా అన్నాడు. నాకు ఆ మనిషిని అక్కడే నాలుగు దులపాలనిపించింది. రత్నమణి మాత్రం నెమ్మదిగానే అంది.

"నాకు కూతురేనప్పా. నా చెల్లెలే కాదనింది. ఆ మాట పట్టుకోనే సచ్చిపాయ. అది కాదన్న వరుస దాని మనవనికి యాడ్నుంచి వస్తాది?"

సోమన్న కూచున్నాడు. అయ్యగారు ఈ పెండ్లికి అడ్డమేమీ లేదని చెప్పి కాగితం మడిచారు. శామ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను అన్యమతస్థురాలిని, ఆ గుళ్ళో ఎప్పుడేమనాలో నాకు తెలియదు, అయినా అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

ఆరాధన ముగిసి బయటికొస్తే రత్నమణి గుడి మెట్టు మీద కూలబడి ఉంది. జనం ఆమె పక్క నుంచి తప్పుకుని పోతున్నారు. పామును చెప్పుతో కొట్టి చంపిన మనిషని పల్లెలో పేరు ఆమెకు. ఇప్పుడు ఒళ్ళంతా వణుకుతోంది. రాత్రే చెప్పాలనుకుంటే నోరు పెగల్లేదంది. కన్నకూతురిలా సాకిన పిల్ల, అంటే రెజీనా తల్లి, ఈ మాట తెలియకుండానే పోయిందంది. శామ్ వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూచున్నా ఆమె వాణ్ణి చూడలేదు. రెజీనా నీడ మెట్టు మీద పడితే ఆ నీడనే చూస్తూ అడిగింది.

"పెండ్లికి నన్ను పిలుస్తావా పాపా?"

ఎవరి మీదా గొంతు లేపి ఎరగని పిల్ల, ఆ గుడి వాకిట్లో అందరూ వినేలా అవ్వను కసిరింది.

"పిలిచేదేంది? నా చెయ్యి పట్టుకోని గుళ్ళోకి తోడుకొచ్చేది నువ్వు. లెయ్, నిన్నట్నుంచి ఏమీ తినలే నువ్వు."

రెజీనా ఒక పక్క, శామ్ ఒక పక్క పట్టుకుని అవ్వను లేపారు. నేను ముందు నడిచి ఆటో పిలిచాను.