తుకిరన్ అడిగిన రంగు

తుకిరన్‌కి ఎరుపూ ఆకుపచ్చా ఒకలాగే కనిపించేవి. అతని తమ్ముడు పోనిరిన్‌కీ అంతే. ఇద్దరూ పుట్టుకతోనే అలా ఉన్నారు. ఇంకో ఊళ్ళో అయితే అదో పెద్ద సంగతి కాదు. మా దీవి దక్షిణ తీరంలో మాత్రం ఆకుపచ్చ తొడుక్కుని పడవెక్కకూడదు. అది సముద్రపు రాణి రంగు. తొడుక్కున్నవాణ్ణి తన మనిషనుకుని తీసుకుపోతుంది. అందుకే తుకిరన్ ఏ గుడ్డ కొన్నా ముందు నా కాఫీ కొట్టుకి తెచ్చేవాడు.

"సుమినా అక్కా, ఇదేం రంగు?"

కొట్లో కూర్చున్నవాళ్ళకి అదో కాలక్షేపం. మిరపకాయ చూపించి, "పండా, పచ్చా చెప్పరా" అని ఏడిపించేవాళ్ళు. "కొరికి చెప్తా ఇటివ్వు" అనేవాడు, నవ్వుతూనే.

ఆ రోజు వాన. కొట్లో ఎవరూ లేరు. తమ్ముడికని కొత్త చొక్కా తెచ్చి చూపించాడు. ముదురు ఆకుపచ్చ. మూకుట్లో సోయా గింజల టెంపే మాడిపోతోంది. నా నోటిదురద పాడుగాను! "కాఫీ రంగురా నాయనా, నా కాఫీ కంటే చిక్కన!" అన్నాను. వెంటనే పిలిచి నిజం చెబుదామనే అనుకున్నాను. టెంపే తీసి తలెత్తేసరికి వెళ్ళిపోయాడు. తర్వాత మర్చిపోయాను.

మూడో నాడు పోనిరిన్ ఎక్కిన పడవ బోల్తా పడింది. వానకోటు కింద ఏం తొడుక్కున్నాడో ఎవరు చూస్తారు? మిగతా ముగ్గురూ ఈదుకొచ్చారు. పోనిరిన్ రెండు రోజుల తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చాడు, ఒంటిమీద ఆ చొక్కాతో. రాణి తీసుకెళ్ళిందో, అలే తీసుకెళ్ళిందో నాకు తెలీదు.

"గుడ్డి సచ్చినోడా! తోడబుట్టినవాణ్ణి చేతులారా అప్పగించావు కదరా!" పడవ యజమాని దార్జో అందరి ముందూ అరిచాడు. "రంగేంటని ఒక్కరినైనా అడిగి చావలేకపోయావా?"

తుకిరన్ నా వైపు చూశాడు.

"అడగలేదు" అన్నాడు.

నిజం ఒప్పుకోవడానికి నాకు భయమేసింది. సిగ్గులేకుండా ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.

ఆ తర్వాత అతన్ని ఏ పడవా ఎక్కించుకోలేదు. కొండమీద సున్నపురాయి కొట్టుకుని బతికాడు. తెల్ల చొక్కాలే తొడుక్కునేవాడు. నా కొట్టు గుమ్మం మళ్ళీ తొక్కలేదు.

మనిషి పోయిన వెయ్యో రోజున ఊరికి భోజనం పెట్టడం మా ఆచారం; పోనిరిన్ వెయ్యో రోజుకి నేనూ వంటకి వెళ్ళాను. తిన్నాక ఇళ్ళకి తీసుకెళ్ళడానికి అందరికీ పంచే అన్నం పొట్లాలు పట్టుకుని బయటికొస్తే, తుకిరన్ చాప చివర ఒంటరిగా కూర్చునున్నాడు. ఇంక నా వల్ల కాలేదు.

"అతను అడిగాడు! నన్నే అడిగాడు. కాఫీ రంగని అబద్ధం చెప్పింది నేను!"

దార్జో జాలిగా చూశాడు. "ఎంత మంచి మనసమ్మా నీది! వాడి పాపం నీ నెత్తినేసుకోకు. అడగలేదని వాడే ఒప్పుకున్నాడుగా."

"ఒట్టు! నిజం చెప్తున్నా!"

"సర్లే, ఏడవకు" అన్నారు ఎవరో. అందరూ మళ్ళీ అన్నంలో చేతులు పెట్టారు.

తుకిరన్ లేచి నా దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడెందుకక్కా?" అన్నాడు.

చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పొట్లం పట్టుకుని గుమ్మం దాకా వెంటపడ్డాను. తీసుకోలేదు.