లేని గిలక మోగింది

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వే. వల్లకాడు పక్కనున్న శనగ చేనికి ఒంటరిగా కావలి పడుకున్నదాన్ని. ఏ దయ్యమూ వచ్చి నన్ను పలకరించలేదు.

పంతొమ్మిది వందల యాభైల్లో సంగతి ఇది. మాది పత్తికొండ పక్క పల్లె. ఒక ఏడు జ్వరం తగ్గాక నాకు ఒళ్లంతా నీరు పట్టింది. కర్నూలులో డాక్టరు నీరు దిగడానికి సూదులు వేశాడు, రొమ్ములో పట్టిన నెమ్ముకు ఇంకో రకం సూదులు వేశాడు. నీరు దిగింది గానీ చెవుల్లో హోరు మొదలైంది. కాంపౌండరుకు చెప్పాను.

"అది నీరసంలేమ్మా. తిని పండుకుంటే తగ్గిపోతాది" అన్నాడు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు ఆ హోరూ పోయింది, దాంతోపాటే అన్ని చప్పుళ్లూ పోయాయి. ఏ సూది నా చెవులు తీసుకుందో ఏ డాక్టరూ చెప్పలేదు.

మా ఆయన మా బావిమీద నీళ్లు తోడే కపిల తోలేవాడు. ఎద్దులు మోకు లాగుతుంటే గిలక కిర్రుమంటూ తోలు బాన పైకొచ్చేది. ఎన్ని బానలయ్యాయో ఆయన పాటలోనే చెప్పేవాడు. బావి కనపడని చోట, కాలువ చివర నిలబడి, ఆ పాటనుబట్టే నేను నీళ్లు ఒక మడినుంచి ఇంకో మడికి మళ్లేట్టు మడవ తిప్పేదాన్ని. చెవులు పోయాక ఒకసారి మిరప మడి మునిగిపోయింది. ఆయన నన్ను ఇంట్లో కూర్చోబెట్టి, నా ఆడబిడ్డను మడవకు పెట్టుకున్నాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది, కనీసం నా ముఖం చూసేవాడు. చెవిటిదాని ముందు శంఖం ఊదడమెందుకని ఇంట్లో అందరూ నాతో మాట్లాడటమే మానేశారు.

ఒక మధ్యాహ్నం కొర్రలు చెరుగుతుంటే గిలక వినపడింది. మా గిలకే, అదే కిర్రు. చెవులొచ్చాయని ఏడుస్తూ, ఆయనకు చెప్పాలని బావికి పరిగెత్తాను.

అక్కడ ఎద్దులు లేవు. గిలకా లేదు, దూలాలు మాత్రమే ఉన్నాయి. లోపలికి తొంగి చూస్తే, పూడిక తీయడానికి దిగిన ఆయన కాళ్లమీద గట్టురాళ్లు కూలి ఉన్నాయి. నీళ్లు రొమ్ముదాకా ఊరాయి. నేను అరిచి చేలల్లోని మనుషుల్ని పోగుచేస్తే పైకి తీశారు. బతికాడు.

గిలక మోగింది కదా అని అడిగితే ఆడబిడ్డ నా ముఖం దగ్గరకొచ్చి, పెదవులు కదిలేది తెలిసేట్టు మెల్లగా చెప్పింది.

"గిలక యాడిది వదినా? నిన్ననే బాగుచేయను వడ్లాయన ఇంటికి పోయిండాది."

ఆ తర్వాత నాకు ఏ చప్పుడూ వినపడలేదు. అది ఎలా మోగిందో ఇప్పటికీ తెలియదు. బావిలో ఆయన సుంకమ్మా, సుంకమ్మా అని నన్నే పిలిచీ పిలిచీ గొంతు పోగొట్టుకున్నాడట. ఒక్కసారి వినపడే రాత ఉన్నప్పుడు, ఆ పిలుపే వినపడి ఉండొచ్చు కదా.