సముద్రం దగ్గర తాడు పట్టుకున్నది నేనే

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద మా అమ్మాయి ఈత ట్యూబు బేరమాడుతుంటే, ఆ కొత్త రబ్బరు వాసనకి నేను రెండడుగులు వెనక్కి వేశాను. శనివారం రాత్రి బయల్దేరి, ఆదివారం బాపట్ల దగ్గర బీచ్ పార్కుకి వెళ్లి, ఆ రాత్రికే తిరుగు ప్రయాణమవ్వాలని ప్లాన్.

"పరేషాన్ గాకు అక్కా, పిల్లలను నేను జూసుకుంట," అంది మాతో వస్తున్న పక్కింటి సునీత.

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఈతకి లారీ ట్యూబులే. సైదాబాద్‌లో మా అద్దింట్లో మంచం కింద నల్లటిది ఒకటి ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న దాన్ని పట్టుకుని మమ్మల్ని ఇదే సముద్రానికి తీసుకెళ్లారు. తమ్ముణ్ణి అందులో కూర్చోబెట్టి, తాడు నా చేతికిచ్చి, "వదలకమ్మా, ఇప్పుడే వస్తా" అని ఒడ్డుకెళ్లారు.

చూస్తుండగానే అల ట్యూబుని లోపలికి లాక్కుపోయింది. తమ్ముడి తల చుక్కలా కనబడుతోంది. నేను నీళ్లలో నిలబడి ఏడుపు లంకించుకున్నాను. వల లాగుతున్న ఒకాయన ఈదుకుంటూ వెళ్లి వాణ్ణి తెచ్చాడు.

తాడు జారిపోయిందని అందరికీ చెప్పాను. నిజానికి గవ్వ కనబడితే వంగి, నేనే వదిలేశాను.

నిన్న తమ్ముడికి ఫోన్ చేసి ఆ మాట చెప్పేశాను.

"తెలుసక్కా. నువ్వు వంగడం చూశాను," అన్నాడు.

"మరి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేంరా?"

"ఆ రోజు నాకంటే నువ్వే ఎక్కువ ఏడ్చావు కదా."

ఆదివారం వాడూ వస్తున్నాడు. నాకింకా భయంగానే ఉంది. అయినా వెళ్తున్నాను.